ఆళ్‌కాటి రెండుసార్లు అరిచింది

సూళ్లూరుపేట
ఆదివారం

ప్రియమైన అన్నకు,

పంకజ నమస్కారాలు. వదినకు కూడా చెప్పు. గొంతు ఆపరేషన్ అయ్యాక నువ్వు ఫోన్ ముట్టడం మానేశావు కాబట్టి నాకు ఈ ఉత్తరాల పని పడింది. మొదట్లో విసుక్కున్నాను. ఇప్పుడు పోస్ట్‌మన్ నన్ను చూడగానే "ఏమ్మా, పుట్టింటికేనా?" అని నవ్వుతున్నాడు. ఈ వీధిలో ఇంకా చేత్తో ఉత్తరం రాసేది నేనొక్కదాన్నేనట. ఫోన్‌లో ఆ చిన్న అక్షరాలు నొక్కడం నీకు చేతకాదు, నాకు ఇష్టం లేదు. ఒక తల్లి బిడ్డలం అనిపించుకున్నాం.

మీ బావ బాగున్నాడు. రిటైరైన దగ్గర్నుంచి కుర్చీ అరగదీయడమే ఉద్యోగం.

లోహితకు కొత్త పని దొరికింది. ఇక్కడి చెరువుల దగ్గర కొంగలను చూడటానికి జనం వస్తుంటారు కదా, అక్కడ నిలబెట్టే బోర్డుల మీద పక్షుల గురించి రాసివ్వాలి. బొమ్మలు వేరే వాళ్లు వేస్తారు, రాత దీనిది. ఊరికే పేరు రాస్తే చాలదట. ఆ పేరు ఎందుకు వచ్చింది, ఏ ఊళ్లో ఏమంటారు, దాని మీద ఏం సామెతలున్నాయి, అన్నీ కావాలట. కాకికీ పిచ్చుకకూ నాకు తెలిసినంత చెప్పాను. నిన్న తీతువు బొమ్మ తెచ్చి ముందు పెట్టింది. కంటి పక్కన ఎర్ర తోలు, పొడుగు పసుపు కాళ్లు. "అమ్మా, తాత దీన్ని ఇంకేదో పేరుతో పిలిచేవాడని చెప్పినావే, ఏమది?" అంది. నాలుక చివర ఉంది, బయటికి రాలేదు. ఇన్నేళ్లూ ఇక్కడ తీతువు అనే విని అసలు పేరు మరిచిపోయాను. నువ్వు మరిచిపోవు. నాయన వెంట చేలల్లో తిరిగినవాడివి. దున్నేటప్పుడు దాని గుడ్లు కనబడితే నాయన ఆ చోటు వదిలి దున్నేవాడు కదా, అది కూడా వివరంగా రాయి. దీనికి ఆ మాట చెబితే కళ్లు ఇంతింత చేసుకుంది.

ఇంకొక సంగతి. నీకు కాక ఎవరికి చెప్పుకోను? లోహిత ఒక అబ్బాయిని చేసుకుంటానంటోంది. పేరు రూపేష్. నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం. చూస్తే మంచివాడిలాగే ఉన్నాడు, కానీ మన కులం కాదు. మీ బావ "దాని ఇష్టం" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. నాకు మాత్రం మన చెల్లెలు రేవతి గుర్తొచ్చి నిద్ర పట్టడం లేదు. అదీ ఇలాగే ఒకడిని ఇష్టపడి, మనకు దక్కకుండా పోయింది కదా. మేనమామవు నువ్వు, ఏం చేయమంటావో చెప్పు.

నీ చెల్లెలు,
పంకజాక్షి

---

వడమాలపేట
గురువారం

చి. సౌ. పంకజకు అన్న ఆశీస్సులు.

ఉత్తరం అందింది. చదివి వినిపిస్తానని వదిన చేయి చాపింది, నేనే లాక్కుని చదువుకున్నాను. పోయింది గొంతు, కళ్లు కాదు.

నాయన పిలిచిన పేరు ఆళ్‌కాటి. అది మన మాట కాదు, అరవ మాట. అరవంలో ఆళ్ అంటే మనిషి, కాట్టు అంటే చూపించు. మనిషిని పట్టి చూపించేది అని అర్థం. సరిహద్దు ఊళ్లు మనవి, మాట ఎవరిదైనా నోటికి పట్టితే మనదే. శెనక్కాయ కాపలాకు పోయినప్పుడు నాయన గుడిసెలో హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. "దొంగలొస్తే ఎట్ల నాయనా?" అని నేను లేపితే, "ఆళ్‌కాటి ఉండాది గదరా. మనిషి అడుగు పెడితే అదే సూపిస్తాది. పడుకో" అని అటు తిరిగేవాడు. ఊళ్లో చాడీలు చెప్పేవాళ్లను కూడా ఆళ్‌కాటి అనేవాళ్లం. చిన్నప్పుడు నేను నిన్ను పిలిచింది ఆ పేరుతోనే. నా బీడీల సంగతి నాయన చెవిన వేసింది నువ్వే కదా. గొంతు కోసిన డాక్టరు కూడా ఇప్పుడు నీ పక్షమే.

గుడ్ల సంగతి నిజమే. మట్టిరంగులో ఉంటాయి, రాళ్లలో రాళ్లలాగా. మనకు కనబడవు, ఆయనకు కనబడేవి. మడక ఆపి, చుట్టూ రాళ్లు గుర్తు పెట్టి, ఆ చోటు వదిలి దున్నేవాడు. "పాపం, చెట్టు మీద గూడు కట్టుకునే తెలివి లేదు దానికి, మన కాళ్ల కింద పెట్టింది. మనమే సూసి నడవాల" అనేవాడు. ఊళ్లో నవ్వినవాళ్లూ ఉన్నారు. ఆయన లెక్కచేయలేదు.

అమ్మ మాత్రం ఎప్పుడూ తీతువు అనే అనేది. అది అరిస్తే పొయ్యిలో గుప్పెడు ఉప్పు వేసి, "దాని నోట్లో మన్ను పడ, ఎవురికి మూడిందో" అనేది. చివరికి అమ్మ మాటే నిజమైంది. ఆ ఏడు మిట్టచేనిలో బావికి పోయే దారి పక్కనే అది గుడ్లు పెట్టింది. రేవతి పోయిన సాయంత్రం నేను పుత్తూరులో ఉన్నాను. నాయన ఎద్దుల సంతకు పోయి ఊళ్లోనే లేడు. ఇంట్లో అమ్మ, అది, ఇద్దరే. రేవతి ఎప్పుడు బయటికి పోయిందో అమ్మ చూడలేదు. దీపాలు పెట్టేవేళ మిట్టచేని వైపు తీతువు అరిచిందట. కాసేపటికి మళ్లీ అరిచిందట. రెండుసార్లూ అమ్మ ఉప్పు వేసింది. తెల్లారి రేవతి బావిలో తేలింది. అమ్మ పోయేదాకా ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ అదే చెప్పింది, తీతువు రెండుసార్లు అరిచింది అని. మీ బోర్డు మీద ఇది కూడా రాయమను. అది చావు పిట్ట.

ఇక లోహిత సంగతి. నేను తిట్టను, తిడితే నీకు కోపం. నాలుగు రోజులు ఇక్కడికి పంపు, ఉండి పోతుంది. మామిడికాయలు మాగే కాలం. గట్టిగా అరవడానికి నాకు గొంతు కూడా లేదు, ఇంక భయం ఎందుకు? మెల్లగా చెబితే వింటుంది. ఇక్కడికి వస్తున్నట్టు ఆ అబ్బాయికి చెప్పాల్సిన పని లేదు.

నీ అన్న,
దయానంద్

---

సూళ్లూరుపేట
ఆదివారం

ప్రియమైన అన్నకు,

ఆళ్‌కాటి పేరు చూసి లోహిత గంతులేసింది. గుడ్ల చుట్టూ నాయన రాళ్లు పెట్టడం చదివి, "తాత ఎంత మంచోడమ్మా" అని అరగంట అదే పాట. ఆ అబ్బాయి మాట ఉన్న చోటు నేను మింగేసి, మామిడికాయల మాట మాత్రం చదివి వినిపించాను. మామ పిలిచాడని అప్పుడే బ్యాగు దించింది.

కానీ చావు పిట్ట అంటే ఒప్పుకోలేదు. తీతువు అనే పేరులో చావు ఎక్కడా లేదట. సంస్కృతంలో దాన్ని టిట్టిభం అంటారట, అది టిటీ టిటీ అని అరుస్తుంది కాబట్టి. కాకి కావుమన్నట్టు, దాని కూతే దాని పేరు. ఇంగ్లీషు వాళ్లకు అదే కూత 'వాడేనా చేసింది, వాడేనా చేసింది' అని అడిగినట్టు వినబడుతుందట. ఎవరి చెవి వాళ్లది. "అరవోళ్లే దాని పని సరిగ్గా చూసి పేరు పెట్టినారమ్మా. నమ్మకపోతే రా, చూపిస్తా" అని నిన్న నన్ను చెరువు దగ్గరికి లాక్కుపోయింది. రూపేష్ కూడా వచ్చాడు. నీకు నచ్చదని తెలుసు, ఉన్నది రాస్తున్నాను. నా మోకాళ్ల నొప్పి చూసి మంచినీళ్ల సీసా, మడత కుర్చీ మోసుకుంటూ నడిచాడు, పాపం.

రాళ్ల దిబ్బ దగ్గరికి పోగానే అది లేచింది అన్నా. నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు. మేం దాటి పోయాక ఊరుకుంది. నీళ్ల ఒడ్డున కూర్చున్నంతసేపు నోరెత్తలేదు. అదే దారిన తిరిగి వస్తుంటే మళ్లీ లేచి అరిచింది. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. లోహిత గెలిచినట్టు నవ్వింది. ఆ నవ్వులోనే ఊరికే అడిగేసింది: "అమ్మా, రేవతి పిన్ని బావికి నడిచి పోయింది కాబట్టి ఒకసారి అరిచింది. సరే. రెండోసారి అరిచిందంటే ఎవరు నడిచినారు?"

నేను దారి మధ్యే ఆగిపోయాను. రూపేష్ ఆ కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

అప్పుడు లోహిత నా కడుపులో ఉంది, నీకు గుర్తుందా? కడుపుతో ఉన్నది శవాన్ని చూడకూడదని మీరెవరూ నన్ను రానివ్వలేదు. మా అత్త తలుపుకు అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. రేవతి ముఖం చివరిసారి కూడా నేను చూడలేదు. మీరు చెప్పింది విని, మనల్ని కాదని దూకి చచ్చిందని దాన్నే తిట్టుకుంటూ ఇన్నేళ్లు బతికాను. ఇప్పుడు చెప్పు. రేవతి తిరిగి రాలేదు. మరి బావి దగ్గర నుంచి తిరిగి వచ్చింది ఎవరు? తిరుపతిలో చదివేటప్పుడు అది ఇష్టపడిన ఆ బాలచంద్ర కానీ వచ్చాడా? మాటకు మాట పెరిగి తోసేసి పోయాడా? నీకు ఏమైనా తెలిస్తే దాచకుండా రాయి. నీ జవాబు అందగానే లోహితను బస్సు ఎక్కిస్తాను.

నీ చెల్లెలు,
పంకజాక్షి

---

వడమాలపేట
శుక్రవారం

పంకజకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం వచ్చాక నాకు ముద్ద దిగడం లేదు. మానిన పుండును గోకడం నీకు చిన్నప్పటి అలవాటు. పిట్ట కూతలు లెక్కపెట్టి మనుషుల మీద నేరం మోపుతారా? కుక్క నడిచి ఉండవచ్చు, నక్క నడిచి ఉండవచ్చు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, ఆ సంగతి మరిచిపోకు.

అయినా నువ్వే అన్నావు కాబట్టి చెబుతున్నాను. బాలచంద్రే. ఆ పొద్దు సాయంత్రం వాడు కాలవ గట్టు మీద తిరుగుతుంటే చూసినవాళ్లు ఉన్నారు. పరువు పోతుందని ఇన్నాళ్లూ నేనే నోరు మూసుకున్నాను. ఇప్పుడు తవ్వి ఏం చేస్తావు? పోయినది రాదు. మనవాడు కాని వాడిని నమ్మితే అంతే, ఆ ఒక్క ముక్క నీ కూతురికి చెప్పు. కుర్చీ మోసినంత మాత్రాన మంచివాడు అయిపోడు.

మేనమామగా నా వంతు పట్టుచీర తీసి పెట్టాను. వదిన తిరుపతికి పోయి ఎంచింది. చిలకపచ్చ, ఎర్ర అంచు. వచ్చి కట్టుకుని పొమ్మను. ఒక్కదాన్నే పంపు. ఏ బస్సో రాస్తే వడమాలపేటలో నేనే నిలబడి ఉంటాను. నాలుగు రోజులే కదా.

నీ అన్న,
దయానంద్

---

సూళ్లూరుపేట
సోమవారం

అన్నకు,

ప్రియమైన అని రాయబోయాను, చేయి రాలేదు.

నీ ఉత్తరం అందిన మరునాడు బస్సు ఎక్కింది లోహిత కాదు, నేను. మీ ఊరికి రాలేదు. పుత్తూరులో దిగాను. బాలచంద్ర తల్లి మునిరత్నమ్మ అక్కడ పూలు కట్టి అమ్ముతుందని ఎప్పుడో విన్నాను, అడుగుతూ పోయి పట్టుకున్నాను. నీ కొడుకే కదా నా చెల్లెలిని చంపింది అని నలుగురిలో కేకలేశాను. జుట్టు పట్టుకునేంత కోపంతో పోయాను. ఆమె ఒళ్లోని పూలు గంపలోకి దులిపి, నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది.

"ఆ పొద్దు నా కొడుకు యాడుండాడని నన్నడగతావా తల్లీ? మీ యన్ననడుగు. మీ బావికాడి మోటారు దొంగిలించినాడని మద్యానమే పోలీసోళ్లకు పట్టిచ్చినాడు గదా. నేను సంగటి గిన్నె ఎత్తుకోని స్టేషనుకు పోతి. పొద్దు మునిగేటప్పుడు వాడు నా కండ్ల ముందరే ఉండాడు, గోడకానుకోని ఏడస్తా. తెల్లారి మీ పాప సచ్చిపోయిందని ఇడిసిపెట్టినారు. మద్రాసుకు పోయినోడు మళ్లా ఈ పక్క కాలు పెట్టలా. పెండ్లి గూడా సేసుకోలా" అంది. నాకు ఒక మూర మల్లెపూలు తుంచి ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు.

నువ్వే స్టేషన్‌లో పెట్టించినవాడు కాలవ గట్టు మీద ఎలా తిరిగాడు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నావు. నేను వాడి పేరు ఎత్తగానే, అదే చాలనుకుని పట్టుకున్నావు. పుత్తూరులో ఉన్నానన్నావు, నిజమే, ఆ ఫిర్యాదు ఇవ్వడానికే పోయి ఉంటావు. సాయంత్రానికి తిరిగి వచ్చి ఉంటావు. ఆళ్‌కాటి చూపించింది నిన్నే.

తిరుగు బస్సులో అమ్మ గుర్తొచ్చింది. ఎవరు వచ్చినా రెండు వేళ్లు ఎత్తి చూపించి, రెండుసార్లు అరిచింది, రెండుసార్లు అరిచింది అనేది కదా. మతి చెడిందనుకునేదాన్ని. వచ్చినవాళ్లలో ఒక్కరైనా రెండోసారి ఎందుకు అరిచింది అని అడుగుతారేమోనని చూసిందేమో. అడిగితే చెప్పేదేమో. ఎవరూ అడగలేదు. అందరం తల ఆడించి, రాత అని లేచి వచ్చాం. ఆ మాట అడగడానికి అప్పుడు నా కడుపులో ఉన్న పిల్ల పుట్టి పెరగాల్సి వచ్చింది.

రేవతిని హాస్టల్ నుంచి పిలిపించింది కూడా నాలుగు రోజులు ఉండి పోవే అనే. నువ్వు అదే మాట రెండు ఉత్తరాల్లో రాస్తే నాకు తట్టలేదు చూడు. దాదాపు పంపబోయాను. కేసు పెట్టాలని ఉంది. పిట్ట సాక్ష్యం ఏ కోర్టు వింటుంది?

లోహిత, రూపేష్ రిజిస్టర్ పెళ్లి చేసుకున్నారు. సాక్షి సంతకం నేను పెట్టాను. ఎక్కడ ఉంటారో నీకు చెప్పను. ఆ చీర నీ దగ్గరే ఉంచుకో.

బోర్డు నిలబెట్టారు. ఆళ్‌కాటి అని పెద్ద అక్షరాలు, కింద తీతువు. చివరి వరుసలో, 'ఈ పక్షి గుడ్లు కనబడితే దున్నే రైతు ఆ చోటు వదిలి దున్నుతాడు' అని రాసింది, నాయనను తలుచుకుని. అది చదువుతూ అక్కడే కూలబడి ఏడ్చాను. నేల మీది గుడ్డును చితకనివ్వని మనిషికి నువ్వు ఎలా పుట్టావు? నాయన ఆ పొద్దు ఊళ్లో ఉండి ఉంటే రేవతి బతికేది. ఆయనకు ఇది తెలిసి ఉంటే నిన్ను గడప తొక్కనిచ్చేవాడు కాదు. తెలియకుండానే పోయాడు, అదృష్టవంతుడు.

ఇక నాకు ఉత్తరాలు రాయకు.

పంకజాక్షి

---

వడమాలపేట

ప్రియమైన చెల్లెలికి,

రాయవద్దన్నావు. నన్ను ఏమన్నా పడి ఊరుకునేవాణ్ణి. నాయనను తెచ్చి నెత్తిన పెట్టుకున్నావు చూడు, అక్కడ ఆగలేకపోయాను. ఇన్నేళ్లూ మీకు ఆయన దేవుడు, నేను బీడీలవాణ్ణి. ఆయన ఫోటోకు దండ వేస్తావు. ఇది చదివాక కూడా వేసుకో.

నాయన ఏ సంతకూ పోలేదు, ఊళ్లోనే ఉన్నాడు. మోటారు ఉపాయం ఆయనదే. ఆ మోటారు మన గడ్డివామి కిందే ఉండింది. నేను ఫిర్యాదు ఇచ్చి వచ్చేసరికి రేవతి ఇల్లు పీకి పందిరి వేస్తోంది, వాడు దొంగ కాదు, వదిలిపెట్టించండి అని. నాయన దాని మీద కేకలేయలేదు, చేయి ఎత్తలేదు. దీపాలు పెట్టేవేళ లేచి టవాలు భుజాన వేసుకుని, "వాడు ఊడబీకలేదంటావు గదమ్మా. బావికాడ దొంగోడి చెప్పుల గుర్తులుండాయి. రా, వాడివో కాదో నువ్వే సూసి చెప్పు. కాకపోతే ఇప్పుడే పోయి ఇడిపిచ్చుకోనొస్తా" అన్నాడు. అది నమ్మింది. వాడిని విడిపించవచ్చనే ఆశతో చెప్పులు కూడా వేసుకోకుండా పరుగున వచ్చింది. అమ్మ వంటింటి గడపలో నిలబడి మమ్మల్ని చూసింది.

ముందు నాయన, నడుమ రేవతి, వెనక నేను. మిట్టచేనిలో ఆళ్‌కాటి లేచి నెత్తి మీద తిరుగుతూ అరిచింది. నాయన ఆగాడు. వెనక్కి తిరిగి, చేయి అడ్డం పెట్టి, "ఈడ గుడ్లుండాయి, సూసి నడువమ్మా" అన్నాడు. అది పావడా ఎత్తి పట్టుకుని పక్కకు జరిగి నడిచింది. ఆయన దానితో అన్న ఆఖరి మాట అదే.

బావి దగ్గర నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరమే. చీకటి పడింది. పిట్ట మళ్లీ లేచింది. ఎక్కడ అడుగు వేస్తున్నానో నాకే తెలియలేదు. నాయన నా భుజం పట్టుకుని, తను పెట్టిన రాళ్ల చుట్టూ తిప్పి నన్ను నడిపించాడు.

మీ బోర్డు మీద రాసింది నిజమే, తీసేయకండి. ఆ గుడ్లలో ఒక్కటి కూడా చితకలేదు.

నీ అన్న,
దయానంద్